యాభై దాటిన హెచ్‌ఐవీ పేషెంట్ల వైద్యంపై పరిశోధనకు గ్రాంటు తెచ్చుకోవడం ఎలా

మన దేశంలో ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీ వైరస్‌ని అణచి ఉంచేవి) ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పుడు ముప్పై అయిదేళ్ల వయసులో మందులు మొదలుపెట్టి, మానకుండా వేసుకున్నవాళ్లు ఇప్పుడు యాభై అయిదు దాటారు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) మిషనుకి కూడా దొరకనంత తక్కువ, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగుంది. ఇక మిగిలింది అందరికీ వచ్చే వయసు జబ్బులే: బీపీ, షుగర్, కిడ్నీ, మోకాళ్లు, మతిమరుపు. అవి వీళ్లకి ఎప్పుడు వస్తున్నాయి, ఎవరు చూడాలి, ఏ మందుతో ఏది కలపకూడదు అన్నవాటికి మన దగ్గరి పేషెంట్ల నుంచి వచ్చిన సమాచారం చాలా తక్కువ. దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటా పెద్దది. ఈ లోటు పూడ్చే పని మన కాలేజీల్లో, మన సెంటర్లలో జరగాలి.

మెడికల్ కాలేజీలోనో, ఏఆర్‌టీ సెంటర్లోనో, స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రిలోనో పనిచేస్తూ మొదటిసారి గ్రాంటుకి అప్లై చేయబోతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. డబ్బు ఎక్కడుందో వెతకడంతో మొదలుపెట్టకండి. అలా మొదలుపెట్టిన ప్రపోజల్ ప్రకటనలోని మాటల్నే తిప్పి రాసినట్టు ఉంటుంది, చదివేవాళ్లు రెండో పేజీలోనే పట్టేస్తారు.

ముందు సెంటర్లో కూర్చోండి

సెంటర్ బాధ్యత చూసే నోడల్ ఆఫీసర్ అనుమతి తీసుకుని కొన్ని ఉదయాలు ఏఆర్‌టీ సెంటర్లో గడపండి. మెడికల్ ఆఫీసర్ గదిలో కాదు, కౌన్సెలర్ పక్కన, మందులిచ్చే కౌంటర్ పక్కన. పేర్లు, నంబర్లు ఏవీ రాసుకోకండి. యాభై దాటినవాళ్లు వచ్చినప్పుడు, వాళ్లకి ఇష్టమైతే, గ్రీన్ బుక్‌తో (పేషెంటు దగ్గరుండే చికిత్స పుస్తకం) పాటు సంచిలో ఉన్న మిగతా మందులు కూడా చూపించమనండి.

ఆ సంచిలోంచి ఏం వస్తుందో గమనించండి. లేబుల్ గోకేసిన టీఎల్‌డీ (టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ కలిసిన ఏఆర్‌టీ మాత్ర) డబ్బా. బస్సులో మాత్రలు గలగలమనకుండా లోపల కుక్కిన దూది. పీహెచ్‌సీలో ఇచ్చిన షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలు. బలానికని ఎవరో చెప్పిన కాల్షియం. ఈ నాలుగూ నాలుగు చోట్ల నుంచి వచ్చాయి. షుగర్ చీటీ రాసిన డాక్టరుకి హెచ్‌ఐవీ సంగతి ఆ పేషెంటు చెప్పి ఉండకపోవచ్చు. ఏఆర్‌టీ డాక్టరుకి ఆర్‌ఎంపీ మాత్రల సంగతి తెలిసే అవకాశం లేదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూడండి. డోల్యుటెగ్రావిర్ వాడేవాళ్ల రక్తంలో మెట్‌ఫార్మిన్ స్థాయి పెరుగుతుంది, అందుకే ఆ మాత్ర రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటించవద్దంటారు. కాల్షియం, ఐరన్, గ్యాస్ మాత్రల్లో కొన్ని రకాలు డోల్యుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. డోల్యుటెగ్రావిర్‌ని వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. టెనోఫోవిర్ వాడే మనిషి నొప్పి మాత్రలు తెగ మింగితే కిడ్నీకి రెండు వైపుల నుంచీ దెబ్బ. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. మన జిల్లాలో ఎంతమంది సంచుల్లో ఇలాంటి కలయికలు ఉన్నాయి, వాటిని ఎవరు, ఏ రోజు, ఎక్కడ పట్టుకోగలరు అన్నది మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. గ్రాంటు వచ్చేది అలాంటి ప్రశ్నకే.

ప్రశ్నని ఒక్క వాక్యంలోకి తెచ్చుకోండి

"హెచ్‌ఐవీ ఉన్న వృద్ధుల సమగ్ర ఆరోగ్య అధ్యయనం" అనేది ప్రశ్న కాదు. "ఏఆర్‌టీ సెంటర్లోనే బీపీ మందులు కూడా ఇస్తే, ఏడాది తర్వాత బీపీ అదుపులో ఉన్న యాభై దాటినవారి శాతం పెరుగుతుందా?" అనేది ప్రశ్న. ఎవరిలో, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏది మారాలి, ఎన్నాళ్లకి అనే అయిదూ ఆ వాక్యంలో ఉండాలి.

యాభై అనే గీత ఎందుకు గీశారని రివ్యూయర్లు తప్పకుండా అడుగుతారు. మన చట్టం లెక్కలో సీనియర్ సిటిజన్ అంటే అరవై. హెచ్‌ఐవీ పరిశోధనలో ప్రపంచమంతా యాభైనే ఎక్కువగా వాడుతుంది. గుండె, ఎముక, కిడ్నీ సమస్యలు వీళ్లలో కాస్త ముందే కనపడటం, పాత రోజుల్లో అరవై దాకా బతికినవాళ్లు తక్కువ కావడం ఇందుకు కారణాలు. ఆ మాట రాసి, అరవై దాటినవారి ఫలితాలు విడిగా కూడా ఇస్తామని చేర్చండి. గొడవ ఉండదు.

తెలిసిన దానికీ తెలియని దానికీ మధ్య ఖాళీని చూపించడానికి మంచి ఉదాహరణ రిప్రీవ్ ట్రయల్. ఇండియాతో కలిపి 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 7,769 మంది హెచ్‌ఐవీ పేషెంట్లకి పిటావాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు) గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి చూశారు. స్టాటిన్ వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ముప్పులు 35 శాతం తగ్గాయని 2023లో ప్రచురించారు. ఖర్చు చాలావరకు అమెరికా ప్రభుత్వపు వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ పెట్టుకుంది. అంటే మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న చాలావరకు తీరిపోయింది. రోజుకి వంద మందికి పైగా వచ్చే మన సెంటర్లో ఎవరికి స్టాటిన్ అవసరమో లెక్కగట్టేదెవరు, రాసేదెవరు, ఆ మాత్ర ఏ స్టాకులోంచి వస్తుంది అన్నవి తీరలేదు. మీరు చేయాల్సింది ఈ రెండో రకం పని. ఒకసారి రుజువైన దాన్ని మళ్లీ రుజువు చేస్తామంటే ఎవరూ డబ్బు ఇవ్వరు.

లెక్క వేయండి, నిజాయితీగా

పై బీపీ ప్రశ్ననే తీసుకుందాం. ఇప్పుడు 40 శాతం మందిలో బీపీ అదుపులో ఉందనీ, మీ పద్ధతితో అది 55 శాతం అవుతుందనీ అనుకుందాం. మామూలు లెక్కలో, అంటే 80 శాతం పవర్ (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం), 5 శాతం ఆల్ఫాతో (లేని తేడాని ఉందనుకునే అవకాశం), ఒక్కో గ్రూపుకి 173 మంది కావాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు.

కానీ ఒకే సెంటర్లో సగం మందికి మందులిచ్చి సగం మందికి ఇవ్వకుండా ఉండటం జరిగే పని కాదు. క్యూలో నిలబడ్డవాళ్లు మాట్లాడుకుంటారు, మాట్లాడుకోవాలి కూడా. కాబట్టి సెంటర్లనే రెండు గ్రూపులుగా విడగొట్టాలి. ఒక్కో సెంటర్ నుంచి 20 మందిని తీసుకుని, ఒకే సెంటర్ వాళ్ల మధ్య పోలిక (గణాంకాల్లో ఐసీసీ అంటారు) 0.02 అనుకుంటే, 173ని 1.38తో (1 + 19 × 0.02) గుణించాలి. 239 అవుతుంది. ఏడాదిలో 15 శాతం మంది రాకుండా పోతారనుకుంటే 281. అంటే ఒక్కో వైపు 14, 15 సెంటర్లు, మొత్తం 30 దాకా. ఇది ఒక కాలేజీ ఒంటరిగా ఎత్తుకోగల పని కాదని మీకు అప్పుడే తెలుస్తుంది. అప్పుడు రెండు దారులు: నాలుగు కాలేజీలు కలవడం, లేదా ముందు రెండు సెంటర్లలో చిన్న అధ్యయనం చేసి, పద్ధతి నడుస్తుందని చూపించి తర్వాత పెద్దది అడగడం. మొదటిసారి అయితే రెండో దారే మంచిదని నా అభిప్రాయం. బయోస్టాటిస్టిక్స్ తెలిసిన మనిషిని ఈ దశలోనే కలుపుకోండి. చివర్లో సంతకం కోసం కాదు.

ఏం కొలుస్తారు?

ఇక్కడ అనుభవం లేని ప్రపోజల్ ఇట్టే తెలిసిపోతుంది. ఉదాహరణకి కిడ్నీ. సీరమ్ క్రియాటినిన్ చూసి కిడ్నీ పనితీరు లెక్కగడతామని రాస్తారు. కానీ డోల్యుటెగ్రావిర్ వాడితే కిడ్నీ బాగున్నా క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది, ఎందుకంటే ఆ మందు క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే ఒక దారిని అడ్డుకుంటుంది. పైగా వయసుతో కండ తగ్గితే క్రియాటినిన్ తగ్గి, పాడైన కిడ్నీ కూడా బాగున్నట్టు కనపడుతుంది. అందుకే కనీసం కొంతమందిలోనైనా ఈ రెండిటి ప్రభావం పెద్దగా పడని సిస్టాటిన్ సి రక్తపరీక్ష చేయిస్తామని రాయండి. ఖర్చు ఎక్కువే, కారణం రాస్తే ఒప్పుకుంటారు.

పోల్చుకోవడానికి హెచ్‌ఐవీ లేని అదే వయసువాళ్లు కావాలి కదా. వాళ్లని కొత్తగా వెతికి తెచ్చే బదులు, వయసు పైబడినవారిపై జరిగిన జాతీయ సర్వే లాసీ డేటా వాడొచ్చు. 2017-18లో దేశమంతటా 45 ఏళ్లు దాటినవారు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా జనాన్ని ఇంటింటికీ వెళ్లి కలిసి చేసిన సర్వే అది. పిడికిలి బలం, నడక వేగం, జ్ఞాపకశక్తి, బీపీ అన్నీ కొలిచారు. ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌కి అభ్యర్థన పెడితే పరిశోధకులకి డేటా ఇస్తారు. మీరు కూడా అవే కొలతలు అదే పద్ధతిలో తీసుకుంటే, తెలుగు రాష్ట్రాల వయసు పైబడినవారితో మీ పేషెంట్లని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. సర్వే జరిగి ఏళ్లయిందనే పరిమితిని మీరే ముందుగా రాసేయండి. ఒక్క పైసా ఖర్చు లేకుండా ప్రపోజల్ బరువు పెంచే విషయం ఇది.

ఎవరిని అడగాలి?

ఎంబీబీఎస్ విద్యార్థి అయితే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ చాలు. సంచిలో మందుల లెక్క లాంటి చిన్న అధ్యయనం రెండు నెలల్లో అయిపోతుంది.

ఫ్యాకల్టీకి మొదటి తలుపు బయటి సంస్థల పరిశోధనకి డబ్బిచ్చే ఐసీఎంఆర్ ఎక్స్‌ట్రామ్యూరల్ కార్యక్రమమే. ఇటీవలి ప్రకటనల్లో స్మాల్ గ్రాంటు 2 కోట్ల దాకా, ఇంటర్మీడియట్ గ్రాంటు 2 నుంచి 8 కోట్ల దాకా ఉన్నాయి. పేరు స్మాల్ అని తక్కువ అంచనా వేయకండి, పైన చెప్పిన రెండు సెంటర్ల అధ్యయనానికి అందులో నాలుగో వంతు కూడా అవసరం ఉండదు. అవసరం లేనిది అడగొద్దు. పుణేలోని ఐసీఎంఆర్ ఎయిడ్స్ పరిశోధన సంస్థ, ఒకప్పటి నారి, ఈ రంగంలో దేశానికి కేంద్రం. అక్కడి శాస్త్రవేత్త ఒకరు సహ పరిశోధకులుగా ఉంటే ల్యాబ్ వైపు బలం వస్తుంది.

ప్రాజెక్టుకి కాకుండా మనిషికి డబ్బిచ్చేది, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి పెట్టిన ఇండియా అలయన్స్. ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. క్లినికల్, పబ్లిక్ హెల్త్ ఫెలోషిప్‌లు ఇస్తారు. మీరు వచ్చే అయిదేళ్లూ వయసు మళ్లిన హెచ్‌ఐవీ పేషెంట్ల వైద్యమే మీ పని అనుకుంటే దీనికి ప్రయత్నించండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి ఎంత అడుగుతారో మీ గురించి అంత అడుగుతారు.

ఎన్‌ఐహెచ్ డబ్బు పెద్దదే, కానీ 2025 మే నుంచి విదేశీ సంస్థలకి సబ్‌అవార్డులు (అమెరికా సంస్థకి వచ్చిన గ్రాంటులో వాటా) ఇచ్చే విధానాన్ని వాళ్లు మార్చేస్తున్నారు. అమెరికాలో ఉన్న మన తెలుగు ప్రొఫెసర్ ఎవరైనా కలిసి చేద్దామంటే, ముందు అక్కడి ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టి ఇప్పటి నియమం ఏంటో తెలుసుకోమనండి. విదేశీ డబ్బు లేదా విదేశీ భాగస్వామ్యం అంటే ఇక్కడ ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా తప్పదు, దానికి నెలలు పట్టొచ్చు. స్వచ్ఛంద సంస్థ అయితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చేయడం కుదరదు. కాబట్టి "మేం తీసుకుని మీకిస్తాం" అనే ఒప్పందాలు పెట్టుకోకండి.

చిన్న ఊళ్లో ఉన్నాం, మా వల్ల ఏమవుతుంది అనుకునేవాళ్లు బత్తలపల్లిలోని ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి నుంచి వచ్చిన పేపర్లు చదవండి. అనంతపురం ప్రాంతపు గ్రామీణ పేషెంట్ల రికార్డులు పద్ధతిగా ఉంచుకోవడం వల్ల అంతర్జాతీయ పత్రికల్లో వరసగా ప్రచురించగలిగారు.

అనుమతులు: సమయం తినేది ఇదే

ఏఆర్‌టీ సెంటర్ మీ కాలేజీలోనే ఉన్నా డేటా మీ కాలేజీది కాదు. వైట్ కార్డులు (సెంటర్లో ఉండే పేషెంటు చికిత్స రికార్డులు), ఆ రికార్డులు ఎక్కించే సోచ్ సాఫ్ట్‌వేర్‌లోని వివరాలు వాడాలంటే రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ద్వారా న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) అనుమతి తీసుకోవాలి. గ్రాంటు వచ్చాక చూసుకుందాంలే అనుకుంటే మొదటి ఏడాది అక్కడే కరిగిపోతుంది. ప్రపోజల్ పంపే ముందే ఆ రాష్ట్ర సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్‌ని కలిసి, ఒక పేజీ సారాంశం ఇచ్చి, మద్దతు లేఖ అడగండి.

మీ ఎథిక్స్ కమిటీకి డీహెచ్‌ఆర్ (కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ) రిజిస్ట్రేషన్ ఉందో, గడువు ముగిసిందో చూసుకోండి. చికిత్సలో ఏదైనా మార్పు చేసే అధ్యయనమైతే మొదటి పేషెంటుని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ) నమోదు చేయాలి.

గోప్యత గురించి ఒక పేరా రాస్తే సరిపోదు

2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం పరిశోధనకైనా సరే వివరంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి, ఎవరి స్థితినీ వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. చట్టం మాట అలా ఉంచి, అరవై ఏళ్ల మనిషి సంగతి ఆలోచించండి. ఇరవై ఏళ్లుగా కోడలికి కూడా తెలియకుండా మందులు వేసుకుంటోంది ఆమె. మీ సమ్మతి పత్రం మీద పైనే పెద్ద అక్షరాల్లో హెచ్‌ఐవీ అని ఉంటుంది. నియమం ప్రకారం ఒక కాపీ ఆమెకివ్వాలి. ఆ కాగితం ఇంట్లో ఎవరి కంట పడుతుంది? కాపీ మీ దగ్గరే దాచమంటారా, తీసుకెళ్తారా అని ఆమెనే అడిగే పద్ధతిని ప్రపోజల్లో రాయండి. ఆమె దాచమంటే సెంటర్లో భద్రంగా ఉంచండి. ఫోన్ చేసినప్పుడు ఎత్తింది మనవడైతే ఏమనాలో కూడా ముందే రాసి పెట్టుకోండి. ఆసుపత్రి పేరు చెప్పొచ్చా లేదా అన్నది ఆమె ఇష్టం.

చదువు రానివాళ్లకి నిష్పాక్షిక సాక్షి ఉండాలి. కానీ ఆ సాక్షికి ఆమె స్థితి తెలిసిపోతుంది. కాబట్టి సాక్షిని పేషెంటే ఎంచుకోవాలి, పాజిటివ్ నెట్‌వర్క్‌లోని (హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘం) మనిషైతే చాలామందికి ఇబ్బంది ఉండదు. కొత్త మందుల ట్రయల్స్‌లో తేలిగ్గా ఒత్తిడికి లొంగే స్థితిలో ఉన్నవాళ్ల (వల్నరబుల్) సమ్మతిని వీడియో తీయాలన్న నియమం ఉన్నా, హెచ్‌ఐవీ మందులకి ఆడియో మాత్రమే చాలన్న మినహాయింపు ఈ కారణంతోనే పెట్టారు. ఇక కళ్లు, చెవులు. పత్రం పెద్ద అక్షరాల్లో వేయండి, నెమ్మదిగా చదివి వినిపించండి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పమనండి. దీనికి ఒక్కొక్కరికీ అరగంట పట్టొచ్చు. ఆ సమయాన్ని సిబ్బంది లెక్కలో చూపించండి.

ప్రశ్నాపత్రం తయారయ్యాక యాభై దాటిన నెట్‌వర్క్ సభ్యులు నలుగురైదుగురిని కూర్చోబెట్టి చదివించండి. వాళ్ల సమయానికి డబ్బివ్వండి. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి నిర్ణయాల్లో చోటుండాలని 1994 పారిస్ సదస్సులోనే దేశాలు ఒప్పుకున్నాయి. ఫారంలో కమ్యూనిటీ అడ్వైజరీ బోర్డు అన్న గడి నింపడానికి పేర్లు రాసి వదిలేయడం మాత్రం దయచేసి చేయకండి.

బడ్జెట్

న్యాకో ఉచితంగా చేసే వైరల్ లోడ్, ఇచ్చే ఏఆర్‌టీ మందులకి డబ్బు అడగకండి. ల్యాప్‌టాప్‌లు, విదేశీ కాన్ఫరెన్స్‌లు ముందు కోతకి గురవుతాయి. కచ్చితంగా అడగాల్సింది పేషెంట్ల దారిఖర్చు, ఆ రోజు కూలి. మందులకి వచ్చే రోజు కాకుండా ఇంకో రోజు రమ్మంటే కూలికెళ్లే మనిషికి అది నష్టం. వయసు పైబడినవాళ్లకి తోడు వచ్చేవాళ్ల చార్జీలు కూడా కలపండి. వీలైతే మీ పరీక్షలన్నీ మందుల రోజుకే కుదిర్చి, ఆ సంగతి బడ్జెట్ వివరణలో రాయండి. జీతాలకి ఐసీఎంఆర్ నిర్ణయించిన స్కేళ్లే వేయాలి. కౌన్సెలర్ మీద అదనపు పని వేసి డబ్బు చూపించకపోవడం అన్యాయం, ప్రాజెక్టు కూడా నడవదు.

పంపే ముందు, పంపాక

మీ సబ్జెక్టు తెలియని డాక్టరు ఒకరికి సారాంశం ఇచ్చి చదవమనండి. మీ ప్రశ్న ఏంటో వాళ్లు తిరిగి చెప్పలేకపోతే మళ్లీ రాయండి. పోర్టల్‌లో చివరి రోజు అప్‌లోడ్ పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, ప్రిన్సిపాల్ సంతకం వారం ముందే తీసుకోండి.

తిరస్కరిస్తే కామెంట్లు ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకుని, ఒప్పుకునేవి సరిచేసి, ఒప్పుకోనివాటికి ఆధారంతో జవాబు రాసి తర్వాతి ప్రకటనకి పంపండి.

డబ్బు వచ్చాక ఖర్చుకి వినియోగ ధ్రువపత్రం, జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో, సమయానికి ఇవ్వకపోతే రెండో విడత ఆగిపోతుంది. అకౌంట్స్ సెక్షన్‌లో ఒకరితో మొదటి నెలలోనే మాట్లాడి పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రాజెక్టు ముగింపు. ఏడాది పాటు సెంటర్లో బీపీ మాత్రలు ఇచ్చి, గ్రాంటు అయిపోయిన రోజున ఆపేస్తే ఆ పేషెంట్లు మొదటికంటే అధ్వాన్నంగా మిగులుతారు. కాబట్టి దరఖాస్తుతో పాటే జిల్లా వైద్యాధికారి నుంచి, అసంక్రమిత వ్యాధుల కార్యక్రమం కింద ఆ మాత్రలు ప్రాజెక్టు తర్వాత కూడా అదే సెంటర్‌కి పంపుతామని రాతపూర్వకంగా లేఖ తీసుకోండి. ఆ లేఖ దొరక్కపోతే ప్రాజెక్టు డిజైన్ మార్చండి. ముగియడానికి ఆరు నెలల ముందు ఆ అధికారిని మళ్లీ కలిసి, ఎవరికి ఏ మాత్ర ఎంత మోతాదులో కావాలో జాబితా పేర్లు లేకుండా సంఖ్యలుగా ఇచ్చి, మొదటి స్టాకు వచ్చిందో లేదో మీరే వెళ్లి చూడండి.